మిద్దె మీది గూబ

ఆ గూబ మా ఇంటికి మిట్టమధ్యాహ్నం వచ్చింది. కూలర్ కొన్నప్పటి అట్టపెట్టెలో పెట్టి, పైన గోనెపట్ట కప్పి, మా బావ ఆటోలో తెచ్చినాడు. బావంటే మా ఆయనకు అన్న. ప్రొద్దుటూరులో మా బంగారు అంగడి ఆయన మాట మీదే నడిచేది. ఇల్లూ అంతే. పెట్టెను మెట్ల మీదుగా పైకి మోసుకుపోతుంటే లోపల ఎవరో చిటికెలు వేస్తున్నట్టు టక్, టక్ అని చప్పుడు వచ్చింది. అది ముక్కు కొట్టుకుంటున్న చప్పుడని నాకు తర్వాత తెలిసింది.

"ఏంది బావా అది?" అన్నాను.

"అమాస దాకా ఉంటుంది. ఎవురికీ చెప్పాకు" అన్నాడు.

మిద్దె మీద పాత సామాను వేసే గదిలో, కుక్కపిల్ల కోసం ఎప్పుడో చేయించిన ఇనుప బోనులో దాన్ని వదిలినారు. నేను గూబను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. చంకనెత్తుకునే పిల్లంత ఉంది. తల మీద కొమ్ముల్లాగా రెండు ఈకల కుచ్చులు, పండు నారింజ రంగు కళ్లు. రెక్కల ఈకలు కొసలు కత్తిరించేసినారు. వెలుతురుకి కళ్లు సగం మూసి, నేను ఎటు జరిగితే అటు తల తిప్పింది.

మా ఇళ్లల్లో గూబ గోడ మీద వాలితేనే అశుభమంటారు. కూత వినిపిస్తే మా అత్త లేచి పొయ్యిలో ఉప్పు వేసేది. అట్లాంటి అత్త, ఆ రోజు మెట్ల కింద నిలబడి పైకి చేతులెత్తి మొక్కింది.

"లక్ష్మీదేవి ఎక్కి తిరిగే పిట్టంటమ్మా. ఆయప్ప చెప్పినాడంట" అంది.

ఆయప్పంటే ఏ మనిషో నాకు అప్పటికి తెలీదు. తెలిసిందల్లా, మా వీధిలో పెద్ద పెద్ద షోరూములు వచ్చినాక అంగడికి మనుషులు రావడం తగ్గిందనీ, బావ సాయంత్రాలు జమ్మలమడుగు వైపు పోయి వస్తున్నాడనీ. పెద్దముడియం దగ్గర ఆయన స్నేహితుడు ఒక రైతుకు శనగ చేలు ఉండాయి. ఆ చేలో పాతకాలపు ధనం ఉందనే మాట నేను మా ఆయన నోట ఒకసారి విన్నాను. నవ్వి ఊరుకున్నాను.

గూబకు మాంసం వేసే పని నా మీద పడింది. మా ఇంట్లో గుడ్డు కూడా తినరు. బావ పొట్లంలో తెచ్చిన మాంసాన్ని నేను ముక్కు మూసుకొని కట్టెపుల్లతో బోనులోకి తోసేదాన్ని. రెండు రోజులు అది ముట్టలేదు. ఆ తర్వాత తినసాగింది. దాని కాళ్లకు కట్టిన నైలాను దారం చర్మంలోకి దిగబడి పుండయింది. పసుపు పెడదామని చెయ్యి పెట్టబోతే ఒళ్లంతా ఉబ్బించి, రెక్కలు విసనకర్రల్లాగా విప్పి బుస్సుమంది. నేను వెనక్కి పడిపోయినాను. నామీద దానికున్న భయమే నన్నంత భయపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఆయప్ప వచ్చినాడు. జడలూ రుద్రాక్షలూ ఉంటాయనుకున్నాను. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం, స్కూటరు. బ్యాంకులో పనిచేసే మనిషిలాగా ఉన్నాడు. మజ్జిగ ఇస్తే "చల్లగుండాలమ్మా" అని తాగినాడు. మిద్దెక్కి గూబను చూసి వచ్చి, "కండ్లు బాగుండాయి. కండ్లే ముఖ్యం" అని బావతో అన్నాడు.

అప్పుడే మా పాప బడి నుంచి వచ్చింది. రెండో తరగతి. సంచీ పక్కన పడేసి నా కొంగు పట్టుకుంది. ఆయన ఆ పిల్ల వైపు చూసి నవ్వినాడు.

"ఈ పాపేనా, ఎదురుకాళ్లతో పుట్టింది?"

నా చేతిలోని చెంబు అట్లనే ఉండిపోయింది. పాప పుట్టినప్పుడు కాళ్లు ముందు వచ్చినాయి. ఆ సంగతి తెలిసినవాళ్లు మా ఇంట్లోవాళ్లే. నేను బావ వైపు చూసినాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"భయపడాకమ్మా" అన్నాడాయన. "గూబ కంటితో అంజనం చేస్తాం. ఎదురుకాళ్లతో పుట్టినోళ్ల అరచేతిలో పూస్తే భూమి లోపలుండేది కనపడుతుంది. పాప చూసి చెప్తే చాలు. ఒక్క గంట పని. తొలిచూలే గదా?"

నాకంటే ముందు మా అత్త చెప్పింది. "తొలిచూలే నాయనా."

ఆయన పోయినాక మా ఆయనతో అన్నాను, పాపను పంపేది లేదని. ఆయన పళ్లెంలోకి చూస్తూ, "అన్న పాపను మనకంటే బాగా చూసుకుంటాడు. యేంటికి అంత ఇదయిపోతాండావు?" అన్నాడు. అది నిజమే. బావకు పిల్లల్లేరు. పాప ఆయన బండి ట్యాంకు మీద కూర్చొని పెరిగింది. ఆ మాట నిజం కావడమే నాకు అడ్డమొచ్చింది.

పులివెందులలో మా నాయనకు ఎరువుల అంగడి. చుట్టుపక్కల అరటి తోటల రైతులంతా ఆయన దగ్గరికే వస్తారు. ఫోన్ చేసి అంతా చెప్పినాను.

"పోలీసుల దగ్గరికి పోదామంటే ఏమని చెప్తావు? పెద్దనాయన పాపను చేనికి తీసుకపోతాడంట, అనా? జరగనిదానికి కేసు యాడుంటుంది?" అన్నాడు. మళ్లీ ఆయనే, "గూబ ఇంట్లోనే ఉండాదా?" అన్నాడు.

"ఉండాది నాయనా."

"అయితే దానికి చట్టముండాది. అడివి పిట్టను పట్టినా నేరమే, పెట్టుకున్నా నేరమే. మన లింగాల ఊర్లో ఒకాయన రామచిలకల్ని పంజరంలో పెట్టుకున్నాడని ఫారెస్టోళ్లు వచ్చి చిలకల్ని తీసుకపోయి ఆయన మీద కేసు రాసినారు. ఆయన ఇప్పుడు కూడా కోర్టుకు తిరుగుతాండాడు. నువ్వు పాప సంగతి పక్కన పెట్టి పిట్ట సంగతి వాళ్లకు చెప్పు."

మర్నాడు పొద్దున కూరగాయలకని చెప్పి ఫారెస్టు ఆఫీసుకు పోయినాను. అక్కడొక ఆడ ఆఫీసరు ఉండింది, నాకంటే చిన్నది. కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. నేను గూబ గురించి మాత్రమే చెప్పినాను. ఎంత ఉంది, యాడుంది, ఈకలు కత్తిరించినారు, కాళ్లకు పుండు అని.

"మీ ఇంటోళ్లే లోపలికి పోతారు. తెలుసు గదా అక్కా?"

"తెలుసు."

ఆమె రాసుకుంటున్నదల్లా ఆగింది. "అమాస ఎప్పుడు?" అని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత తలెత్తి నా కళ్లల్లోకి చూసింది.

"ఇంట్లో చిన్నపిల్లలు ఎవురైనా ఉండారా?"

నేను అప్పటిదాకా ఏడవలేదు. నేను పాప గురించి ఒక్క మాట కూడా చెప్పకుండానే ఆమె అంతా అర్థం చేసుకుంది. రేపు పొద్దున్నే వస్తాం, ఏమీ తెలీనట్టుండు అంది.

మరుసటి రోజు, అమావాస్యకు ముందురోజు, జీపు మా ఇంటి ముందు ఆగింది. నేను గుండె చిక్కబట్టుకొని మెట్లు చూపించినాను. వాళ్లు పైకి పోయి అంతే వేగంగా దిగి వచ్చినారు. బోను ఖాళీ. నేల మీద రెట్టలు, రెండు ఈక ముక్కలు. అంతే.

"ఎప్పుడు తీసినారు?" అని ఆఫీసరు అడుగుతోంది. నాకు వినపడటం లేదు. బడికి ఫోన్ చేసినాను. "పాపను వాళ్ల పెద్దనాయన ఇప్పుడే తీసుకపోయినాడు గదమ్మా, పంటి డాక్టరు దగ్గరికని" అన్నారు. ఆయన రోజూ దింపే మనిషే. ఎవరూ అనుమానించలేదు.

నేను వంటింట్లోకి పరుగెత్తినాను. అత్త పీట మీద కూర్చొని ఉంది. "యాడికి తీసుకపోయినారు?" అన్నాను. "అత్తా, యాడికి?"

"రేపని చెప్పినాడమ్మా నాకు" అంది. "పొద్దున పాప పట్టుపావడా అడిగినాడు. రేపటికనుకొని ఇచ్చినా." అప్పుడు ఆమెకు కూడా ఏదో తట్టినట్టు కొంగు నోట్లో కుక్కుకుంది. "పెద్దముడియం దాటినాక, చేలల్లో మోటారు షెడ్డు. ఒకసారి నన్ను తీసుకపోయి చూపించినాడు. పద, నేనూ వస్తా."

జీపులో అత్త ముందు కూర్చొని దారి చెప్పింది. నేను ఫోన్ చేస్తే మా ఆయన అంగడి మూసి బండి మీద వెనకే వచ్చినాడు. జమ్మలమడుగు ఊళ్లో సంత జనం. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, గొర్రెలు మెల్లగా దారి ఇస్తున్నాయి. ఆఫీసరు పోలీసులకు ఫోన్ చేస్తూ నా చెయ్యి పట్టుకుంది. ఊరు దాటినాక రెండు పక్కలా నల్లరేగడి, మోకాలెత్తు కూడా లేని శనగ. ఎంత దూరమైనా కనపడే నేల అది. ఎండ ఫెళ్లున కాస్తోంది. దాక్కోవడానికి ఒక్క చెట్టు లేని ఆ వెలుతురును చూసి నాకు వణుకు పుట్టింది.

షెడ్డు ముందు బావ బండి ఉంది. పాప నులకమంచం మీద కూర్చొని బిస్కట్లు తింటోంది. పట్టుపావడా, తలలో కనకాంబరాలు, నుదుట ఇంత కుంకుమ. నన్ను చూసి, "అమ్మా, గూబ ఈడుండాది!" అని అరిచింది. నేను ఎత్తుకున్నాను. దించలేదు.

బావ, రైతు స్నేహితుడు నిలబడిపోయినారు. ఆయప్ప లేడు. నిమ్మకాయలు మరిచిపోయినానని స్కూటరు మీద జమ్మలమడుగు పోయినాడంట. పోయినవాడు రాలేదు. వాళ్లకిచ్చిన పేరు, ఊరు, ఫోన్ నంబరు ఏవీ నిజం కాదని పోలీసులు తర్వాత చెప్పినారు.

షెడ్డు లోపల గూబ గంప కింద ఉంది, రెండు కళ్లూ బాగానే ఉన్నాయి. గంప పక్కన గుంత. ధనం కోసం తవ్విన గుంతలాగా లేదది. వెడల్పు తక్కువ. అంచులు నున్నగా చెక్కినారు. అడుగున కొత్త ఎర్రగుడ్డ పరిచినారు. ఆఫీసరు గుంతలోకి చూసి, పాపను చూసి, మళ్లీ గుంతలోకి చూసింది. మా అత్త నేల మీద కూలబడి, బావ కాళ్ల వైపు మన్ను విసిరింది.

"అంజనమే అన్నాడు" అన్నాడు బావ. "అంజనమే అన్నాడమ్మా. గుంత పూజకన్నాడు." ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. ఆయనకు నిజంగా తెలీదో, తెలిసి తెలీనట్టున్నాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకోవాలని కూడా లేదు.

కేసు గూబ మీదే నడుస్తోంది. అడవి పక్షిని పట్టుకున్నందుకు, ఈకలు కోసినందుకు, బంధించినందుకు. గుంత సంగతి పోలీసులు రాసుకున్నారు గాని, పూజ గుంత అని బావా, రైతూ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. కోర్టులో నన్ను పిట్ట గురించే అడిగినారు. ఎంత పెద్దది, ఏం తినేది, కాళ్లకు దేంతో కట్టినారు. అన్నీ చెప్పినాను. చెప్తున్నంతసేపూ నా నాలుక మీద పాప సంగతే ఉంది. బావ బెయిలు మీద బయటికి వచ్చినాడు. అంగడి అమ్మేసినాడని విన్నాము. గూబకు ఈకలు మళ్లీ రావడానికి కాలం పడుతుందని తిరుపతి జూకు పంపినారు.

మేము పులివెందులకు వచ్చేసినాము. మా ఆయన మా నాయన అంగడిలో కూర్చుంటాడు. అత్త మాతోనే ఉంటుంది. కొడుకు పేరెత్తదు. పాపను బడికి ఆమే తీసుకుపోయి, బడి వదిలేదాకా గేటు ముందే కూర్చుంటుంది. ఎవరు చెప్పినా లేవదు.

పాప పెద్దనాయన ఎప్పుడొస్తాడని కొన్నాళ్లు అడిగింది, తర్వాత మానేసింది. మొన్న జడ వేస్తుంటే తనంతట తానే చెప్పింది, ఆ రోజు షెడ్డులో ఆ స్కూటరు మామ తనను ఒక మాట అడిగినాడని.

"చీకటంటే నీకు భయమా అన్నాడమ్మా. నేను లేదు అన్నా. శానా మంచి పిల్ల, ఇట్లాంటి పిల్లే కావాల అన్నాడు."

పాప అద్దంలో నన్ను చూసి నవ్వింది. ఆ మాటను అది ఇప్పటికీ మెచ్చుకోలుగానే చెప్పుకుంటుంది.