ముప్ఫై రోజులు పెరగకుంటే చాలు

రెండువేల ఎనిమిది డిసెంబరులో మేం న్యూజిలాండ్‌లోని టౌరంగాలో ఉన్నాం. మా ఆయన్ని వాళ్ళ కెనడా కంపెనీ రెండేళ్ళ పని మీద ఇక్కడి పోర్టుకు పంపింది. మనుషులం ఇక్కడ, ఇల్లూ షేర్లూ పన్నులూ అక్కడ. నాకింకా ఉద్యోగం దొరకలేదు కనుక డబ్బు వ్యవహారాలన్నీ నా నెత్తిన పడ్డాయి. పడ్డాయని అనడమే గాని, ఇంకొకరు వేలు పెడితే ఊరుకునే రకాన్ని కాను.

ఇక్కడ కారు కొనుక్కుని సెటిల్ అవ్వడానికి ఆ ఏడాది మొదట్లో లాభంలో ఉన్న ఆయిల్ షేర్లు అమ్మాం. ఆ లాభం మీద పన్ను కట్టాలి. మరోపక్క ఒక నికెల్ గనుల కంపెనీ షేర్లు సగానికి సగం పడిపోయి ఉన్నాయి. ఏడాది ముగిసేలోగా వాటిని అమ్మేస్తే ఆ నష్టం ఈ లాభానికి చెల్లు, పన్ను తప్పుతుంది. మళ్ళీ అవే కొనుక్కోవచ్చు కూడా. కాకపోతే ముప్ఫై రోజులు ఆగాలి. ఈలోగా నేను కొన్నా, మా ఆయన కొన్నా, చూపించిన నష్టం చెల్లదు.

ఆ షేర్లు మాచేత కొనిపించింది కెనడాలో మా వీధిలోనే ఉండే, నేను అన్నయ్యగారూ అని పిలిచే ఒక తెలుగాయన. ఆయన ఆ గనిలో ఇంజనీరు. "మన కంపెనీ అమ్మా, కళ్ళు మూసుకుని కొను" అన్నారు. ఆయన భార్యని నేను అక్కా అని పిలుస్తాను. కెనడాలో మొదటి చలికాలం నన్ను గట్టెక్కించింది ఆవిడే.

టొరంటో మార్కెట్ ఆఖరి రెండు గంటలు మాకు పొద్దున ఎనిమిది నుంచి పది. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, స్టవ్ మీద ఉప్మా మాడుతుంటే, అమ్మేశాను. వచ్చిన డబ్బు ఖాళీగా ఉండకూడదని ఒక పైప్‌లైన్ కంపెనీలో పెట్టాను. నెల తిరగ్గానే అది తీసి మళ్ళీ నికెల్‌లో పెట్టాలని నా ప్లాను.

కొత్త సంవత్సరం రాగానే నికెల్ లేచింది. రోజూ కొంచెం కొంచెం. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. ఇంతకాలం దిగుతూనే ఉన్నది, నేను వదిలించుకోగానే పైకి పోవాలా? ఇలాగే పెరుగుతూ పోతే, తిరిగి కొనేసరికి మిగిల్చిన పన్నుకి రెండింతలు పోతుంది. పొద్దున లేవగానే కంప్యూటర్, ఆ తరవాతే పళ్ళు తోముకోవడం.

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తే సిగ్గుపడి తగ్గుతుందా?" అన్నాడు మా ఆయన. మళ్ళీ తనే, "పోనీ నా అకౌంట్‌లో ఓ వంద కొననా?" అన్నాడు.

"నీకు దణ్ణం పెడతాను, ఆ అకౌంట్ జోలికి వెళ్ళకు. మొగుడు కొన్నా పెళ్ళాం కొన్నా ఒకటేనట."

చివరికి దేవుణ్ణి కూడా ఇందులోకి లాగాను. దీపం వెలిగించి, ఇంకో పది రోజులు పెరగకుండా చూడు తండ్రీ, వీలైతే కాస్త తగ్గించు, అని వేడుకున్నాను. ఉద్యోగం కోసం కూడా అంత గట్టిగా అడిగి ఉండను.

ఇంకా వారం ఉందనగా ఒక పొద్దున చూస్తే షేరు దబ్బున పడిపోయి ఉంది. నేను అమ్మినదానికంటే బాగా కిందికి. పోర్టులో ఉన్న మా ఆయనకి ఫోన్ చేసి, "పడింది! పడింది!" అని అరిచాను. నా అరుపు విని పక్క ఫ్లాట్ ఆవిడ, ఎవరో జారిపడ్డారనుకుని తలుపు కొట్టింది. పడింది షేరని ఇంగ్లీషులోకి అనువాదం చేసి చెప్పాక, ఇద్దరం నవ్వుకున్నాం.

ఆవిడ వెళ్ళిన కాసేపటికే ఫోన్. కెనడా నుంచి అక్క.

"మీ అన్నయ్యని తీసేశారమ్మా. గని మూసేస్తున్నారట, ఇవాళే చెప్పారు. ఆయన దాని గురించి కాదు, మీ గురించే మథనపడుతున్నారు. నేను చెప్పబట్టే కొన్నారు, ఆ పిల్లకి ఉద్యోగం కూడా లేదు, అంటూ. బాగా పోయిందా మీకు?"

"లేదక్కా. మేం డిసెంబర్లోనే అమ్మేశాం."

"హమ్మయ్య! మంచి పని చేశావు. ఇప్పుడే ఆయనకి చెప్తాను, కాస్త నిద్రయినా పడుతుంది."

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. సిగ్గుతోనే ఏడ్చాను. వారం తరవాత, గడువు దాటిన పొద్దున, అదే షేరు అంతకన్నా తక్కువకి కొన్నాను. ఆ సంగతి అక్కకి ఇప్పటికీ చెప్పలేదు.