ఎక్స్‌ట్రమదూరాలో గొర్రెలు, ఇర్వింగ్‌లో బిర్యానీ

నా మీద మొదటిసారి ఉమ్మి పడింది టెక్సాస్‌లో మేముండే ఊరు కాపెల్‌కి ఉత్తరాన, ఒక ఫార్మ్ రోడ్డు మీద. ఆదివారం పొద్దున సైకిలు తొక్కుతున్నాను. వెనక నుంచి పికప్ ట్రక్కు ఒకటి వచ్చి, కావాలనే పక్కకి జరిగి, అద్దం దించింది. పేపరు కప్పు ఎగిరి వచ్చి నా భుజానికి తగిలి చితికింది. కోక్ అనుకున్నాను. కాదు. పొగాకు నమిలేవాళ్ళు ఉమ్ముకునే కప్పు అది. గోధుమ రంగు జిగురు మెడ మీదుగా జెర్సీలోకి కారింది. పుదీనా, పాచినోరు కలిసిన వాసన. లోపల ఇద్దరు మగపిల్లలు పగలబడి నవ్వుతూ వెళ్ళిపోయారు.

గ్యాస్ స్టేషన్ బాత్రూమ్‌లో తల సింకులో పెట్టి కడుక్కుంటుంటే వాంతి అయింది. ఇంటికి వచ్చి చెబితే మా ఆయన, "ఆ రోడ్ల మీదకి వెళ్ళొద్దని ఎప్పట్నుంచో చెప్తున్నా. ట్రైల్ ఉంది కదా, అక్కడ తొక్కుకో" అన్నాడు.

ట్రైల్ సంగతి కూడా చెప్పాలి. పొడుగాటి పార్కులో సిమెంటు దారి. కుక్కల వాళ్ళు కుక్క చేసింది నీలం ప్లాస్టిక్ సంచిలో ఎత్తి, ముడేసి, చెత్తడబ్బా దాకా మోయలేక చెట్టు కొమ్మకి తగిలించి పోతారు. టెక్సాస్ ఎండకి ఆ సంచులు ఉబ్బుతాయి. దీపావళికి కట్టిన దీపాల్లా వరసగా వేలాడుతుంటాయి. వాటి కింద నుంచి తల వంచుకుని వెళ్ళాలి.

నాతో సైకిలు తొక్కే ఆవిడ ఒకరున్నారు. గుంటూరులో చదువుకుని, నేను పుట్టకముందే ఈ దేశం వచ్చి, ఆపరేషన్లలో మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆంటీ అని పిలుస్తాను. ఆవిడకి డెబ్బై దగ్గర పడ్డాయి, ఎలక్ట్రిక్ సైకిలు తొక్కుతారు, మొహమాటం అసలు లేదు. ఉమ్మి సంగతి విని ఆవిడ ఒకటే మాట అన్నారు.

"స్పెయిన్ పోదాం పదమ్మా."

"స్పెయినా?"

"పోర్చుగల్ పక్కన ఎక్స్‌ట్రమదూరా అని ఉంది. మా పాత కొలీగ్ ఏటా పోతాడు. మనుషుల కంటే గొర్రెలే ఎక్కువట. రోడ్డు నున్నగా ఉంటుందిట, గంట తొక్కినా ఒక్క కారు రాదట. మనిద్దరం పోయి పది రోజులు నోరు మూసుకుని తొక్కి వద్దాం."

నోరు మూసుకుని తొక్కడం అన్న మాట నాకు అమృతంలా వినిపించింది. చేసిన తప్పల్లా ఆ మాట మా ఆయనకి చెప్పడమే. ఆయన వెళ్ళి పక్క ఊరు ఇర్వింగ్‌లో ఉండే తన స్నేహితుడికి చెప్పాడు. అతనికి ఊళ్ళో కెప్టెన్ అని పేరు. క్రికెట్ లీగ్, వనభోజనాలు, ఎవరి ఇంట్లో పూజయినా సౌండ్ సిస్టమ్, అన్నీ అతని చేతుల మీదే నడవాలి. రెండు రోజుల్లో వాట్సాప్ గ్రూపు పుట్టింది. వారంలో పన్నెండు మంది తేలారు. పచ్చ జెర్సీలు కుట్టించారు, వెనక పెద్ద పులి బొమ్మ.

"మనిద్దరం అన్నాను కదమ్మా" అన్నారు ఆంటీ.

ఏప్రిల్‌లో వెళ్ళాం. దారుల గురించి ఆంటీ కొలీగ్ చెప్పింది అబద్ధం కాదు. మొదటి రోజు ఓక్ చెట్ల మైదానాల్లో తొక్కాం. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఎడం, కింద గడ్డి, గడ్డిలో నల్లపందులు. కొన్ని చెట్లకి బెరడు నడుం దాకా ఒలిచేసి ఉంది, సీసాల బిరడాల కోసమట. లోపలి మాను ఎర్రగా, తోలు తీసినట్టు కనిపిస్తుంది. రెండో రోజు కొండ ఎక్కాం. మెట్లు మెట్లుగా చెర్రీ తోటలు, పూలు రాలే కాలం, తారు మీద తెల్లటి రేకులు. కొండ దాటాక మళ్ళీ ఎత్తూ పల్లమూ లేని బీడు. చర్చి గోపురాల మీద కొంగల గూళ్ళు, ఆ కొంగలు ముక్కులు టకటక కొట్టుకుంటే ఆ చప్పుడు మైలు దూరం వినబడేది. అంత నిశ్శబ్దం.

చెర్రీ కొండ మలుపుల్లో ఒకసారి నా వెనక చిన్న వ్యాను వచ్చింది. ఇప్పుడేం విసురుతారో అని మెడ కుదించుకున్నాను. ఆ వ్యాను మూడు మలుపులు నా వేగంతోనే వెనక పాకుతూ వచ్చింది. రోడ్డు వెడల్పయ్యాక అవతలి అంచుకి జరిగి దాటింది. నడిపే ముసలాయన చెయ్యెత్తి పోయాడు. అంతే జరిగింది. నేను సైకిలు దిగి కాసేపు రోడ్డు పక్క కూర్చున్నాను.

ఆ నిశ్శబ్దాన్ని మావాళ్ళు ఏం చేశారో చెప్తాను. కెప్టెన్ సైకిలు హ్యాండిల్‌కి బ్లూటూత్ స్పీకర్ కట్టాడు. పొద్దున బయల్దేరిన దగ్గర్నుంచి డప్పు పాటలే. ఊళ్ళలో ముసలమ్మలు కిటికీలు తెరిచి చూసి మూసుకునేవాళ్ళు. బలానికి తాగే జెల్ ప్యాకెట్లు చించి, తాగి, తొక్కుతూనే వెనక్కి విసిరేవారు. అమెరికాలో చెత్త వేరుచేసి మూడు డబ్బాల్లో వేసే మనుషులే. నేను ఆగి ఏరడం చూసి ఒకతను, "వదిలేయండి అక్కా, ఇక్కడ ఎవడు చూస్తడు" అన్నాడు. జెల్ అంటుకుని నా వెనక జేబులన్నిటికీ చీమలు పట్టాయి. వీళ్ళ మధ్య ఈ జెర్సీ వేసుకుని ఉన్నానన్న తలపుకే రోత పుట్టేది.

నాలుగో రోజు. రెండువైపులా రాతిగోడలున్న సన్నటి దారి. ఎదురుగా గొర్రెల మంద వస్తోంది. ముందు ఒకావిడ, యాభై పైన ఉంటుంది, రబ్బరు బూట్లు, చేతిలో కర్ర. వెనక కుక్క. పక్కన పొలం గేటు తీసి ఉంది, మందని అందులోకి మళ్ళించబోతోంది. అన్నీ పిల్లతల్లులు. మేమందరం దిగి గోడకి ఆనుకున్నాం. అంతవరకు బాగానే ఉంది.

కెప్టెన్ సంచిలోంచి డ్రోన్ తీశాడు.

"ఇది పడితే వేరే లెవెల్ ఉంటది బ్రో" అన్నాడు మా ఆయనతో.

"వద్దేమోరా, బెదురుతాయేమో" అన్నాడు మా ఆయన. గొంతు ఎంత మెల్లగా ఉందంటే, అన్నట్టూ ఉంది, అననట్టూ ఉంది.

డ్రోన్ లేచింది. ఆవిడ తలెత్తి చూసి, అరచెయ్యి అడ్డంగా ఊపింది. వద్దని చెప్పడానికి భాష అక్కర్లేదు. కెప్టెన్ ఆవిడకి బొటనవేలు చూపించి, "ఇంకొంచెం దించితే ఎఫెక్ట్ వస్తది" అంటూ కిందకి దించాడు.

తేనెటీగల గుంపు లాంటి రొద. ముందున్న గొర్రెలు వెనక్కి తిరిగాయి, వెనకవి ముందుకి తోశాయి. కొన్ని గోడ మీదకి ఎగబాకాయి. మిగతావన్నీ ఒక్కసారిగా ఆ గేటు సందులోకి పడ్డాయి. ఇనుప గేటు గోడకి కొట్టుకున్న చప్పుడు, గొర్రెపిల్లల అరుపులు. మంద లోపలికి పోయాక గేటు దగ్గర ఒక గొర్రె మిగిలింది. లేవబోయి పడిపోతోంది. ముందుకాలు మోకాలి కింద పక్కకి వేలాడుతోంది. దాని పిల్ల దాని చుట్టూ తిరుగుతోంది.

కెప్టెన్ డ్రోన్ దించి సంచిలో పెట్టేశాడు.

"పదండి పదండి. పోలీసులూ గీలీసులూ అంటే మనకి లాంగ్వేజ్ కూడా రాదు. గ్రూప్‌లో హెచ్‌వన్ వీసా వాళ్ళున్నారు, లేనిపోని ఇష్యూ. పదండి."

పచ్చ జెర్సీలు ఒకటొకటిగా కదిలాయి. మా ఆయన నావైపు చూశాడు.

"రా."

"నువ్వే రా" అన్నాను.

ఆయన వెళ్తున్న వాళ్ళవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, "లంచ్ దగ్గర కలుద్దాం లే" అని సైకిలెక్కాడు. ఆయన వీపు మీద పులి బొమ్మ మలుపు తిరిగేదాకా కనిపించింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి వీపు చూసి నాకు అసహ్యం వేయడం అదే మొదలు.

ఆంటీ అప్పటికే గేటు దగ్గర చతికిలబడి గొర్రె తల ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను మనుషులకి మత్తిచ్చేదాన్నే తల్లీ, నీకేం చెయ్యను" అని తెలుగులో దానికి చెబుతున్నారు. నేను పిల్లని పట్టుకున్నాను. గొర్రెలావిడ మా దగ్గరికి వచ్చి తిట్టడం మొదలుపెట్టింది. ఎంతసేపు తిట్టిందో. కర్రతో ఆకాశం చూపించింది, రోడ్డు చూపించింది, మా జెర్సీలు చూపించింది. మేం తలొంచుకుని విన్నాం.

"ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్క మాటా వదల్లేదు" అన్నారు ఆంటీ తర్వాత.

తిట్టడం అయ్యాక ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, కర్రపుల్లలు పెట్టి కాలు కట్టింది. ఆంటీ తల పట్టుకున్నారు, నేను పిల్లని వదిలి పక్కటెముకల దగ్గర పట్టుకున్నాను. గొర్రె గుండె నా అరచేతుల కింద తన్నుకుంటోంది. కాసేపటికి ఎవరో వ్యాను తెచ్చి దాన్ని ఎక్కించుకుపోయారు. నేను మళ్ళీ ఎత్తుకున్న పిల్లని ఆవిడ నా చేతుల్లోంచి తీసుకుంది. అప్పుడు మాత్రం ఫోను తీసి ఏదో మాట్లాడి, ఇంగ్లీషులోకి మార్చి నాకు చూపించింది. ఆ ఎగిరేది నీదా అని ఉంది.

"మా వాళ్ళది" అన్నాను. ఆవిడ తలాడించి వెళ్ళిపోయింది.

లంచ్ దగ్గరికి చేరేసరికి బీరు గ్లాసులు ఖాళీ అయ్యాయి. "వచ్చిందండీ సేవా సమితి!" అన్నాడు కెప్టెన్. అందరూ నవ్వారు. ఆంటీ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళి, మళ్ళీ వాళ్ళ బల్ల దగ్గర కూర్చోలేదు. మిగిలిన రోజులు మేమిద్దరం వాళ్ళకంటే గంట ముందు బయల్దేరి తొక్కాం. దారులు అంతే అందంగా ఉన్నాయి. నాకు మాత్రం ప్రతి గొర్రెల మందనీ చూసి సిగ్గేసేది.

తిరిగొచ్చాక ఆంటీ మేం బస చేసిన ఇంటావిడకి ఫోన్ చేశారు. ఆవిడకి కాస్త ఇంగ్లీషు వచ్చు, గొర్రెలావిడ ఎవరో తెలుసు. కాలు అతకలేదట, గొర్రెని కోసేశారట. పిల్లని సీసాపాలతో పెంచుతున్నారట.

తర్వాతి శనివారం ఇర్వింగ్‌లో, కెప్టెన్ వాళ్ళ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ట్రిప్ వీడియో వేశారు. నలభై మంది దాకా వచ్చారు. మటన్ బిర్యానీ పెద్ద పెద్ద రేకు ట్రేలలో వచ్చింది. ఆంటీ రానన్నారు. నేను మా ఆయన బలవంతం మీద వెళ్ళాను. "అతన్ని కాదంటే ఈ ఊళ్ళో మనకి పలికేవాళ్ళు ఉండరే" అన్నాడు కార్‌లో.

వీడియోలో గొర్రెలు వచ్చాయి. పైనుంచి తీసింది, స్లో మోషన్. తెల్లటి మంద రెండుగా చీలి, గోడల మీదకి పొంగుతుంటే వెనక హీరో వచ్చేటప్పటి మ్యూజిక్ పెట్టాడు. ఈలలు వేశారు. ఒకరు "వన్స్ మోర్" అని అరిచారు. మళ్ళీ వేశాడు. రెండోసారి నాకు గేటు దగ్గర ఆ గొర్రె పడడం కూడా కనిపించింది. చిన్న తెల్లటి చుక్క.

నేను లేచి నిలబడ్డాను.

"అక్కడ ఒకదాని కాలు విరిగింది. వీళ్ళు వదిలేసి వచ్చారు" అన్నాను.

హాలు కొంచెం సద్దుమణిగింది. కెప్టెన్ నవ్వు మొహంతోనే ఉన్నాడు. "వదినా, లైట్ తీసుకోండి. గొర్రెకి ఏం కాలేదు, కట్టు కట్టారు కదా మీరే."

"కోసేశారు. ఫోన్ చేసి కనుక్కున్నాం."

అతను చేతిలో ప్లేటు పైకెత్తి, "మరి ఇదేంటి వదినా? ఇది చెట్టుకి కాసిందా?" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. నా ప్లేటులో కూడా ముక్కలున్నాయి. నోట్లో ఉన్నది మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాను. చుట్టూ చూస్తే నూనె అంటిన పెదాలు, ఊగుతున్న పొట్టలు. మా ఆయన కూడా నవ్వుతున్నాడు. పెద్దగా కాదు, పెదాల చివర్న.

ప్లేటు చెత్తబుట్టలో పడేసి బయటికి వచ్చి కారు దగ్గర నిలబడ్డాను. ఆయన చాలాసేపటికి వచ్చాడు. హైవే ఎక్కాక అన్నాడు: "అందరూ నవ్వుతుంటే మొహం ముడుచుకుని కూర్చుంటే బాగోదని నవ్వాను."

"తెలుసు" అన్నాను. తెలియడమే రోతగా ఉంది.

నేను మాంసం మానలేదు. కెప్టెన్ మాటకి జవాబు నాకు మర్నాడు వంట చేస్తుంటే తట్టింది. తినడానికి కోసేవాళ్ళని నేనేమీ అనలేదు. వినోదానికి కాలు విరిచి, ఆ విరిగిన చోటు మళ్ళీ మళ్ళీ వేసుకుని ఈల వేసిన వాళ్ళని అన్నాను. కానీ అప్పటికి వాళ్ళు నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. చెప్పడానికి ఎవరూ లేరు. ఆంటీకి చెప్పాను. "వాళ్ళకి తెలీక కాదమ్మా" అన్నారావిడ.

ఇప్పుడు మేమిద్దరం నెలకోసారి సైకిళ్ళు కారుకి కట్టుకుని పక్క రాష్ట్రంలో బెంటన్‌విల్ అనే ఊరి వైపు పోతాం. ఆంటీ మేనకోడలు అక్కడ కాంట్రాక్ట్ ఉద్యోగం చేస్తుంది. ఊరి బయట కొండల్లో కొన్ని దారులున్నాయి. ఎక్స్‌ట్రమదూరా కాదు. కుక్కలు వెంటపడతాయి, కోళ్ళఫారాల కంపు మైలు మైలంతా ముక్కులో దూరుతుంది. ఆంటీ ముక్కుకి చున్నీ చుట్టుకుని తొక్కుతారు.

మొన్న కెప్టెన్ కొత్త ట్రిప్ పోస్టర్ పెట్టాడు. మళ్ళీ స్పెయినే. నిశ్శబ్దపు దారులు అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఉంది. మా ఆయన ఫోను నాకు చూపించాడు.

"ఏం చెప్పమంటావ్?"

"నీ ఇష్టం."

ఆయన సోఫాలో కూర్చుని టైప్ చేసి, చెరిపి, మళ్ళీ టైప్ చేశాడు. తర్వాత నా మొహం చూడకుండా, "రానని చెప్పేశా" అన్నాడు.

"ఎందుకు రావట్లేదని చెప్పావు?"

"నడుం నొప్పి అని."

ఆయన నడుం నిక్షేపంగా ఉంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను.