బాలవ్వకు నేనిచ్చిన మార్కులు

మొన్న ఆదివారం అలమర సర్దుతూ పై అరలోంచి ఒక అట్టపెట్టె దించాను. మూత తీయగానే తంబాకు ఘాటు ముక్కుపుటాలకు తగిలి వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. కామారెడ్డిలోని ఈ అద్దె ఇంట్లో బీడీ తాగేవాళ్లు లేరు, చుట్టేవాళ్లు అంతకన్నా లేరు. ఆ వాసన పెట్టెలోని అట్టముక్కలది. పాత పెండ్లి పత్రికలను కత్తిరించి, వెనుకవైపు ఖాళీలో నా చేతిరాతతో పేర్లూ అంకెలూ రాసినవి. ఎల్లారెడ్డిలో మా ఇంటి వసారాలో, బీడీల చాటల మధ్య అయిదు నెలలు నలిగిన ముక్కలు. ఇన్నేళ్లయినా ఘాటు పోలేదు. పోకపోవడమే మంచిదనిపించింది, ఎందుకంటే ఆ వాసన వెనుక బాలవ్వ ఉంది.

నా ఉద్యోగం గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఫోన్లో ఆడుకునే ఆటలకు నియమాలు రాస్తాను. బొమ్మలు వేసేవాళ్లు వేరు, వాటిని కదిలించేవాళ్లు వేరు. ఎవరు గెలవాలి, ఎందుకు గెలవాలి, ఏం చేస్తే ఓడాలి అని తేల్చే పని నాది. మా అమ్మ మాత్రం ఎవరడిగినా 'ఏదో కంప్యూటర్ల పని' అని ఊరుకుంటుంది. అందరినీ ఇంటి నుంచే పని చేయమన్న రోజుల్లో నేను హైదరాబాద్ నుంచి సంచి సర్దుకుని ఎల్లారెడ్డి వచ్చేశాను. అప్పుడు మా కంపెనీ ఒక సినిమా ఆట తయారు చేస్తోంది. ఆడేవాళ్లు ఒక సినిమా స్టూడియోకు యజమానులు. కథ ఎంచుకోవాలి, నటీనటులను పనిలోకి తీసుకోవాలి, సినిమా తీసి విడుదల చేయాలి. నటులను ఎలా తీసుకోవాలి, ఎవరి విలువ ఎంత, అది ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు తగ్గాలి అన్నది నేను రాయాలి. నాకది మొదటి పెద్ద పని. గర్వం నెత్తికెక్కి కూర్చుంది.

ఇలాంటి ఆటను కంప్యూటర్లోకి ఎక్కించే ముందు కాగితం ముక్కలతో ఆడి చూస్తాం. ఆడేందుకు మనుషులు కావాలి. మా వసారాలో రోజూ పొద్దున పది నుంచి పొద్దు వాలేదాకా ముగ్గురు ఆడవాళ్లు బీడీలు చుట్టేవారు. మా అమ్మ, పక్కింటి కోడలు రజిత, వెనుక వాడకట్టు బాలవ్వ. వాళ్ల చేతులు ఖాళీగా ఉండవు కానీ నోళ్లు ఖాళీయే. మీరు నోటితో చెప్పండి, ముక్కలు నేను కదుపుతాను అన్నాను. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందని అమ్మ సణిగింది. రెండో రోజుకు ఆమే నాకన్నా ముందు చాపేసి కూర్చుంది.

బాలవ్వకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మోకాళ్ల నొప్పి, కళ్లకు తాడు కట్టిన అద్దాలు. ఒక్కతే ఉండేది. కూతురిని రాజంపేటలో ఇచ్చింది. బీడీ ఆకు కత్తిరించేటప్పుడు నాలుక కొద్దిగా బయటపెట్టేది, బడిపిల్లలు అక్షరాలు దిద్దేటప్పుడు పెట్టినట్టు. జీవితంలో థియేటర్‌కు రెండేసార్లు వెళ్లిందట. ఆ రెండుసార్లూ నిద్రపోయిందట. అలాంటి ఆమె సినిమా స్టూడియో యజమాని అయ్యింది.

మొదటి ఆటలోనే నా నియమాలకు గండి పడింది. రజిత చకచకా పెద్ద హీరోలందరినీ తీసేసుకుంది. సినిమా తీయడానికి కాదు, ఇంకొకరికి దక్కకుండా. నా నియమాల్లో దానికి అడ్డు లేదు. పైగా నేను దాన్ని తెలివి అనుకున్నాను. బాలవ్వ వంతు వచ్చింది. నేను మిగిలిన చిన్న హీరోల ముక్కలు చూపిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది.

"పనేంది?" అని అడిగింది.

పని తర్వాత సంగతి, ముందు మనిషిని తీసుకోవాలి అన్నాను.

"పని చెప్పకుంట మనిషిని ఎట్ల తీసుకుంటం బిడ్డా? తీసుకొచ్చి వాకిట్ల కూసోబెడ్తమా?"

ఆ తర్వాత ఆమె తల్లి వేషాలు వేసే ఒక ముసలి నటిని ఎంచుకుంది. నేను కల్పించిన నటీనటుల్లో అందరికన్నా తక్కువ విలువ ఆ ముక్కదే. నవ్వాను. అయినా రాత్రి పడుకునే ముందు నా పుస్తకంలో ఒక కొత్త నియమం రాసుకున్నాను: వేషం చెప్పకుండా నటుడిని తీసుకోకూడదు. దాంతో హీరోలను ఊరికే పోగేసుకోవడం ఆగి, తెల్లారి ఆటకు ప్రాణం వచ్చింది. కంపెనీలో మెచ్చుకున్నారు. ఆలోచన ఎవరిదని అడిగితే నాదేనని చెప్పాను.

రెండో గండి అంత సులువుగా పూడలేదు. కథ ఎలా ఉందో తేల్చడానికి చీటీలు తీయాలి. బాలవ్వ ముసలి నటితో మూడు సినిమాలు తీసింది. మూడుసార్లూ 'కథ బాగాలేదు' అనే చీటీయే వచ్చింది. సినిమా పోతే నటుల విలువ తగ్గాలి, ముప్పైకి దిగువకు పడితే ఆ ముక్కను పెట్టెలో వేసేయాలి, మళ్లీ ఎవరూ తీసుకోకూడదు. ఇదీ నా నియమం. నేను ముక్క తీయబోతుంటే బాలవ్వ బీడీకి దారం చుట్టడం ఆపింది. ఆమె పని మధ్యలో ఆపడం అదే మొదటిసారి చూశాను.

"కథ బాగలేదని నువ్వే చదివితివి గద. మరి గామె ధర ఎందుకు తగ్గుతది?"

"చూసేటోళ్లు గట్లనే అనుకుంటరు అవ్వా. లోకం తీరు గది."

"లోకం తీరు గాదు. నువ్వు రాసిన తీరు."

రజిత కిసుక్కున నవ్వింది. నాకు చురుక్కుమంది. ఆటంటే ఆటే, దీనికి ఇంత వాదన ఎందుకని ముక్కను పెట్టెలో వేసేశాను. బాలవ్వ మళ్లీ దారం అందుకుంది.

ఇక నేను చేసిన తప్పు. దాన్ని రాయడానికే ఇదంతా రాస్తున్నానేమో. నేను కల్పించిన నటులు అతుకుల బొంతల్లా ఉన్నారని, అంకెలు నిజం మనుషుల్లా లేవని కంపెనీ నుంచి మాట వచ్చింది. నాకు ఉపాయం తట్టింది. నా కళ్లముందే ముగ్గురు పనిమంతులు కూర్చుని ఉన్నారు. వారం రోజులు గమనించి ఒక్కొక్కరికి ఒక ముక్క రాశాను. గంటకు ఎన్ని కట్టలు చుడుతున్నారు, కార్ఖానలో ఎన్ని బీడీలు పనికిరావని పక్కకు తీసేస్తున్నారు, వయసెంత, అన్నీ చూసి పదికి మార్కులు వేశాను. రజితకు వేగం తొమ్మిది, నాణ్యత ఎనిమిది, భవిష్యత్తు తొమ్మిది. అమ్మకు అన్నీ ఏడులు. బాలవ్వకు వేగం నాలుగు, నాణ్యత అయిదు, భవిష్యత్తు రెండు.

వాళ్లకు చదివి వినిపించలేదు. అంతమాత్రం ఇంగితం ఉంది. కానీ ముక్కలను దాచలేదు, చాప మీదే ఉంచాను. ఆకు ఒకరోజు ఆలస్యంగా వస్తుందని చెప్పడానికి టేకేదార్ మా ఇంటికి వచ్చాడు. కంపెనీ తరఫున ఆడవాళ్లకు ఆకు, తంబాకు ఇచ్చి, చుట్టిన బీడీలు చూసి తీసుకునేది అతనే. కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ చేతికందిన ముక్క తీసి చదివాడు. ముచ్చటపడ్డాడు. ఎలా లెక్కగట్టానో అడిగాడు. నా పని మీద ఆసక్తి చూపిన మొదటి మనిషి ఊళ్లో అతనే. నేను పొంగిపోయి ముగ్గురివీ చూపించి, ప్రతి అంకె వెనుక ఉన్న లెక్కను విడమరిచి చెప్పాను. ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. తీసుకోమన్నట్టు ముక్కలను వెలుతురులోకి జరిపింది కూడా నేనే.

పది రోజుల తర్వాత బాలవ్వ కార్ఖాన నుంచి ఖాళీ సంచితో వచ్చింది. ఆమెకు ఆకు ఇవ్వలేదు. ఆమె పేరు తీసేసి ఆ చోట రజిత పేరు ఎక్కించారు. అప్పటిదాకా రజితకు తన పేరు మీద ఆకు తెచ్చుకునే కార్డు లేదు, అత్త పేరు మీద చుట్టేది. టేకేదార్ అన్న మాటను బాలవ్వ ఏ కోపమూ లేకుండా, సంతకు పోయి వచ్చిన సంగతిలా చెప్పింది. 'నేను అంటలేను అవ్వా, మీ పక్క వాడకట్టు సదువుకున్న పిల్లనే రాసింది' అన్నాడట. ఆకు మంచిది ఇవ్వట్లేదని ఆమె మొత్తుకుంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ ముచ్చట అన్నాడట.

"మద్దెల ఓడైతే గూడ చూడాలె గద," అంది బాలవ్వ, వసారా మెట్టు మీద కూర్చుంటూ.

ఆట కోసం రాశాను అవ్వా అని ఏదో గొణిగాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నా చెయ్యి చూసి రాసినవ్. నాకు ఎసొంటి ఆకు ఇచ్చిండ్రో అది రాసినవా?"

రాయలేదు. అసలు చూడలేదు. ఆకు అందరికీ ఒకటే అనుకున్నాను. అప్పుడు అమ్మ చెప్పింది. పొద్దున్నే కార్ఖాన ముందు వరుస కడతారు. ముందు వెళ్లినవాళ్లకు వెడల్పాటి లేత ఆకు దొరుకుతుంది. మోకాళ్ల నొప్పితో బాలవ్వ చేరేసరికి సంచి అడుగున చిల్లులు పడ్డదీ, ఎండి పొడిపొడి అయ్యేదీ మిగులుతుంది. దానితో చుడితే ఎవరి బీడీ అయినా పగులుతుంది. ఈ సంగతి నాకెందుకు చెప్పలేదని అమ్మ మీద విరుచుకుపడ్డాను. అందరికీ తెలిసిందే, నువ్వు అడగలేదు అంది అమ్మ.

మర్నాడు అమ్మ తనకు వచ్చిన మంచి ఆకులో సగం బాలవ్వ చాటలో పోసింది. బాలవ్వ ఎప్పటిలా నాలుక కొస బయటపెట్టి కత్తిరించింది, చుట్టింది. ఆలస్యంగానే, కానీ ఒక్కటీ తీసేయడానికి లేకుండా. ఆ కట్టలు పట్టుకుని నేనూ అమ్మా టేకేదార్ దగ్గరికి వెళ్లాం. అతను ఒక్కో బీడీని వేళ్ల మధ్య నొక్కి చూశాడు. మంచిగనే ఉన్నయి అన్నాడు. కానీ పేరు మారిపోయింది, రజితను తీసేస్తే మళ్లీ ఇవ్వగలనన్నాడు. రజితకు తెలిసి ఏడ్చుకుంటూ వచ్చి, నాకొద్దు అవ్వా, నీది నువ్వే తీసుకో అంది. ఆ పిల్లకు ఇద్దరు చిన్నపిల్లలు. బాలవ్వ ఆమె తల నిమిరి, నీ కడుపు కొట్టి నేనేం తింటనే, పోయి పని చేసుకో అంది. అంతే. నేను చేసిన చెడుపు నేను సరిదిద్దలేకపోయాను. ఈ మాటను ఇంకో రకంగా మెత్తగా రాయాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

ఆ తర్వాత కూడా బాలవ్వ రోజూ మా వసారాకు వచ్చేది. రజితకు ఆకు కత్తిరించి ఇచ్చేది, రజిత తనకు వచ్చినదాంట్లో పంచేది. నేను ఆట తీయలేదు. సిగ్గు. నాలుగైదు రోజులు చూసి ఆమే అడిగింది, నా సినిమా కంపెనీ మూతపడ్డదా అని. ముక్కలు తెచ్చి పరిచాను. ముసలి నటిని పెట్టెలోంచి తీసి ఆమె ముందు పెట్టాను. ఆ వారమే నియమం మార్చి కంపెనీకి పంపాను. సినిమా పోతే ముందు కథను చూడాలి. కథ నాసిదైతే నటుల విలువ తగ్గకూడదు, ఆ కథ ఇచ్చిన స్టూడియో పేరు తగ్గాలి. ఎవరినీ శాశ్వతంగా పెట్టెలో వేయకూడదు. ఆడేవాళ్లకు ఇంత చిక్కు ఎందుకని మా పైఅధికారి ఫోన్లో గంటసేపు వాదించారు. లోకం తీరు అది అని కూడా అన్నారు. మనం రాసిన తీరు సార్ అన్నాను. ఈసారి ఆలోచన ఎవరిదని అడిగితే పేరు చెప్పాను.

హైదరాబాద్‌కు తిరిగి వెళ్లే ముందు బాలవ్వకు మార్కులు వేసిన ముక్కను చింపేయబోయాను. ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. ఏం రాశానో చదవమంది. చదివాను. వేగం నాలుగు దగ్గర ఒప్పుకుంటున్నట్టు తలూపింది. భవిష్యత్తు రెండు దగ్గర నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. కనీసం కొట్టేసి మళ్లీ రాస్తానన్నాను.

"కొట్టెయ్యకు, ఉండనియ్యి. కింద ఇంకో మాట రాయి. ఆకు నాసిది, చెయ్యి మంచిది."

రాశాను. ఆమెకు చదువు రాదు. అయినా ముక్కను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, నేను రాసింది ఎంత పొడుగుందో వేలితో కొలిచి నాకు తిరిగి ఇచ్చింది.

బాలవ్వ పోయి మూడేళ్లయింది. కబురు తెలిసి నేను బస్సెక్కి దారిలో తాడ్వాయి దాటేసరికే అంతా అయిపోయిందని అమ్మ ఫోన్ చేసింది. ఇప్పుడు కామారెడ్డి నుంచే పని చేస్తూ, అవసరమైనప్పుడు హైదరాబాద్ ఆఫీసుకు వెళ్తున్నాను. మా కంపెనీలోకి కొత్తవాళ్లను తీసుకునే పనిలో నేనూ కూర్చుంటున్నాను. మొన్నీమధ్య ఒక అమ్మాయి వచ్చింది. అంతకుముందు చేసిన మూడు ఆటలూ పోయాయి. నా పక్కనున్నాయన ఆమె కాగితం మీద అప్పటికే ఒక అంకె వేసేశారు. నీకు చేయమని ఏమిచ్చారో అది చెప్పు అని అడిగాను. ఆ అమ్మాయి ముప్పావుగంట చెప్పింది. ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడం అంది.

పెట్టెలోని ముక్కలన్నీ మళ్లీ అలమరలో పెట్టేశాను. బాలవ్వ ముక్క మాత్రం ఆ పెట్టెలో ఉండదు. అది ఎప్పుడూ నా ఆఫీసు సంచిలోనే ఉంటుంది. ఎవరికైనా మార్కులు వేయాల్సి వచ్చిన రోజున బయటికి తీస్తాను. కింద ఆమె చెప్పిన మాట ఉంది. కానీ ముందు పైన నేను భవిష్యత్తుకు వేసిన రెండును చదువుతాను.