మావ కొలతల లారీ

జీడిపప్పు డబ్బాలకి మాటు వేయడం నా పని. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకి పైగా అదే చేశాను. పప్పు నింపిన రేకు డబ్బా నా ముందుకొస్తుంది. మూతి మీద రేకు బిళ్ల పెట్టి, నవాసారం రాసి, కుంపట్లో కాల్చిన కడ్డీతో సీసం కరిగించి చుట్టూ మూసేస్తాను. లోపలికి గాలి దూరకూడదు, అంతే. ఆ డబ్బాలు బొంబాయి పోతాయి, కలకత్తా పోతాయి. అక్కడ ఎవరో మూత కోసి పప్పు తీసుకుని డబ్బా అవతల పారేస్తారు. మాటు ఎంత సన్నగా వేశానో, ఎంత సాఫీగా వేశానో తిప్పి చూసినవాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి నన్ను లోపల్లోపల తినేసేది. మా ఆవిడ మాత్రం, డబ్బా మూసినవాడికి ఊరేగింపు చేస్తారేమిటి అని వెక్కిరించేది. నా బుద్ధి ఎలాంటిదో ముందే చెప్పేసుకుంటే మంచిదని ఇదంతా రాస్తున్నాను.

మావ నాకు చుట్టం కాదు. మా ఫ్యాక్టరీకి ఉద్దానం ఊళ్ల నుంచి జీడిపిక్కలు తోలుకొచ్చే లారీ డ్రైవరు. వయసు మీద పడ్డాక అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మావవాళ్లు కొబ్బరితోటల రైతులు, సింహాచలం మొక్కులున్నవాళ్లు. మేము బాప్టిస్టు గుడివాళ్లం. మా వైపు మావా అల్లుడా అనుకోవడానికి అవేవీ అడ్డు రావు.

తొంభైల చివర్లో ఒకనాడు మధ్యాహ్నం అన్నాల వేళ, తాను మొట్టమొదట తోలిన లారీ గురించి చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిలటరీవాళ్లు వదిలించుకున్న బళ్లలో ఒకటట. ముందుకి పొడుచుకొచ్చిన బానెట్టు, హ్యాండిల్ తిప్పితే గానీ లేవని ఇంజను, టెక్కలి వడ్రంగి కట్టిన చెక్క కేబిను. కొబ్బరికాయల షావుకారు ఒకాయన కొన్నాడు, మావ పద్దెనిమిదేళ్లు తోలాడు. ఫొటో ఉందా అని అడిగాను. ఆ రోజుల్లో మనిషికే ఫొటో లేదు, బండికెవడు తీస్తాడన్నాడు.

రేకుతో చేసిపెడతాను మావా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. సొట్టలు పడిన డబ్బాలు నా దగ్గర గుట్టగా ఉండేవి, అదొక్కటే కారణం అయ్యుండాలి. కొలతలెక్కడ తెస్తావని ఆయన నవ్వాడు. నవ్వుతూనే కుర్చీలోంచి లేచి, నడుము కింద ఒకచోట అరచెయ్యి ఆనించి, "సక్రం ఇక్కడికుండీది" అన్నాడు. నేను టేపు తెచ్చి నేల నుంచి ఆ చెయ్యి దాకా కొలిచాను. అదే మొదటి కొలత.

తర్వాత మూడేళ్లు అలాగే నడిచింది. మధ్యలో ఆయన ఉద్యోగం మానేసి వజ్రపుకొత్తూరు పక్కన తన ఊరికి వెళ్లిపోయాడు. కాళ్లు వాస్తున్నాయని, ఇక కుర్చీలో కూర్చోలేనని అన్నాడు. ఉద్దానంలో ఆ మాట వింటే కిడ్నీల జబ్బేనని తెలిసి ఎవరూ రెండో ప్రశ్న వేయరు. నేను ఆదివారం గుడి అయ్యాక బస్సెక్కి, దిగి, కొబ్బరితోటల్లోంచి ఇసుకలో నడిచి వాళ్లింటికి చేరేవాణ్ణి. చేతిలో టేపు, గీతల పుస్తకం.

ఆయన వరండాలో పీట మీద కూర్చుని కళ్లు మూసుకునేవాడు. చేతికి జల్లెడ ఇచ్చేవాణ్ణి, అది స్టీరింగు. కాళ్ల కింద మూడు ఇటుకలు, అవి క్లచ్చు, బ్రేకు, ఏక్సిలేటరు. ఇటుకలు కాస్త ముందుకి, కాస్త వెనక్కి జరుపుకుంటూ, ఇదిగో ఇక్కడ అనేవాడు. జల్లెడకీ ఆయన ఛాతీకీ మధ్య దూరం కొలిచేవాణ్ణి. కిటికీ మీద మోచెయ్యి పెట్టుకున్నట్టు పెడితే తలుపు ఎత్తు తెలిసేది. బానెట్టు ఎత్తి ఇంజనులోకి వంగినట్టు వంగితే దాని ఎత్తు గడ్డం కింద దొరికేది. వెనక తొట్టి వెడల్పు ఒక బారా ఒక జానా. ఆయన కోడలు వాకిట్లో పిక్కలు ఆరబోస్తూ, ముసలాయన గాలిలో లారీ తోలుతుంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

అడుగుకి ముప్పావు అంగుళం లెక్క పెట్టుకున్నాను. మొత్తం మీద లారీ మూరెడు లోపు వచ్చింది. బానెట్టు, మడ్‌గార్డులు డబ్బా రేకు. రేకు మీద ముద్రలు లోపలి వైపు పోయేట్టు వంచాను. ఇరుసులకి, స్టీరింగు కడ్డీకి గొడుగు ఊచలు. పార్సిలు పెట్టెలకి బిగించే ఇనప పట్టీ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చితే స్ప్రింగు కట్టలయ్యాయి. టైర్లకి అరిగిపోయిన రబ్బరు చెప్పులు గుండ్రంగా కోసి, మూడేసి పొరలు అతికించి, వేడి సూదితో గాట్లు పెట్టాను. హారను బుడగకి కంటిమందు సీసా రబ్బరు. ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా మా ఆవిడ వచ్చి లారీలో వెతికేది.

ఒకసారి కేబిను లోపలి భాగం పూర్తి చేసి, పొంగిపోతూ తీసుకెళ్లాను. మావ దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, చిటికెన వేలితో గేరు కర్రని తాకి, "ఇంత దగ్గరగా ఎట్టీసినావు, నా మోకాలు ఎక్కడెట్టుకోవాలి?" అన్నాడు. మూరెడు లారీలో ఆయన మోకాలు! నాకు ఒళ్లు మండింది. వారం రోజుల పని అది. విసుక్కుంటూనే ఇంటికొచ్చి మాటు కరిగించి కర్ర ఊడదీసి, ఆయన చెప్పిన చోట పెట్టాను. తీరా పెట్టాక చూస్తే అదే సరైన చోటు. ఆ మాటలో ఉన్నదంతా నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. నాకు మాత్రం గేరు కర్ర ఒక్కటే కనబడింది.

లారీ పూర్తయ్యేసరికి రెండువేల సంవత్సరం దాటింది. రంగు కూడా మావ చెప్పిందే, బానెట్టుకి పాచి రంగు, చెక్కకి ఎర్రమట్టి రంగు. చూడ్డానికి మా వీధివాళ్లు వచ్చారు, ఫ్యాక్టరీలో గుమస్తాలు వచ్చారు. మూడు రోజులు నా కాళ్లు నేల మీద లేవు. నాలుగో రోజు మా పాస్టరుగారు వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూసి, వచ్చే ఆదివారం కోత పండగ కదా అన్నారు.

కోత పండగంటే మా గుళ్లలో ఏడాదికొక రోజు. ఎవరి కష్టంలో తొలి ఫలం వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టాలి. రైతు తొలి గెల తెస్తాడు, ఆడవాళ్లు గుమ్మడికాయ, కోడిపెట్ట, జంతికలు తెస్తారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం పాట పెడతారు, ఎక్కువ పాడినవాళ్లు పట్టుకుపోతారు. ఆ డబ్బు గుడిది. నేను ఇరవై ఏళ్లుగా కొబ్బరికాయ కొనుక్కెళ్లి పెట్టేవాణ్ణి. మాటు వేసేవాడు తొలి ఫలంగా ఏం తెస్తాడు? ఈసారి నా చేతులతో చేసింది ఉంది. అందరి ముందూ ఎత్తి చూపిస్తారు, ఎవరు చేశారో చెబుతారు.

"మరి మావకో?" అంది మా ఆవిడ ఆ సాయంత్రం.

మావకి చూపిస్తాను కదా, పండక్కి రమ్మంటాను అన్నాను. దేవుడికిచ్చేదానికి అడ్డు చెప్పకు అని కూడా అన్నాను. అందులో దేవుడు ఎంత, నేను ఎంత అని ఇప్పుడడిగితే సిగ్గుతో చెప్పలేను. మర్నాడే వాళ్ల ఊరివాడు ఫ్యాక్టరీకి వస్తే కబురు పంపాను. లారీ పూర్తయింది, ఆదివారం మా గుడికి రా మావా అని. పాట సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాలని తోచలేదంతే.

ఆదివారం మావ వచ్చాడు. ఉతికిన చొక్కా, కొత్త తువ్వాలు. వాసిన కాళ్లతో ఇసుకలో నడిచి, బస్సెక్కి వచ్చాడు. వెనక బెంచీలో చివర కూర్చున్నాడు. నేను ముందు వరసలో ఉన్నాను. ప్రార్థన అయింది, గెలలు పాడారు, కోళ్లు పాడారు. పాస్టరుగారు నన్ను ముందుకి పిలిచి, లారీని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, మన బిడ్డ డబ్బా రేకుతో ఎంత పని చేశాడో చూడండి అన్నారు. గుడంతా చప్పట్లు. జీవితంలో నాకు అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. నేను జనం వైపు తిరిగాను.

చివరి బెంచీ దగ్గర మావ లేచి నిలబడ్డాడు. ఆయన చేతుల్లో ఒక అట్టపెట్టె ఉంది. పెట్టె నిండా ఎండుగడ్డి పరిచి ఉంది. లారీ బస్సులో కుదుపులకి దెబ్బతినకుండా. ఆయన పెట్టె పట్టుకుని, మొహం నిండా నవ్వుతో, బెంచీల మధ్య దారిలో ముందుకి నడవడం మొదలుపెట్టాడు.

నాలుగడుగులు వేసి ఉంటాడు. పాట మొదలైపోయింది. ఎవరో పెద్దమనిషి, కూర్చో తాతా, పాట జరుగుతోంది అన్నాడు. మావ అర్థంకానట్టు ఆయన వైపు చూశాడు, పాస్టరుగారి వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకున్నా కాస్త నయంగా ఉండేదేమో. చప్పట్లకి వచ్చిన నవ్వు ఇంకా నా మొహం మీదే ఉంది, దాన్ని తీసేసుకోవడం చేతకాక అలాగే నిలబడ్డాను. ఆయన మెల్లిగా వెనక్కి వెళ్లి కూర్చుని, పెట్టెని బెంచీ కిందకి తోసేశాడు. పప్పు వ్యాపారి ఒకాయన తన కొడుక్కోసం పాడి లారీ పట్టుకుపోయాడు.

భోజనానికి కూడా ఉండకుండా మావ పెట్టె పట్టుకుని బయల్దేరాడు. వెనకాల పరిగెత్తి బస్టాండులో పట్టుకున్నాను. బావుందా మావా లారీ అని అడిగాను. ఇంతకన్నా సిగ్గుమాలిన ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. బావుందల్లుడా అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"మా సావుకారూ ఇలాగే సేసినాడు. మేనగోడలి పెళ్లని మూడ్రోజులు ఎల్లినాను. వచ్చీసరికి పాకలో బండి నేదు. బరంపురం పక్క ఎవలో పాత ఇనుముకి తోలుకుపోనారట. ఆయన బండి ఆయన అమ్ముకున్నాడు, తప్పేటుంది? ఒక్కమాట సెప్పుంటే నానే తోలుకెల్లి దిగబెట్టొచ్చీవోణ్ణి."

మూడేళ్లపాటు ఆ లారీకి ఎన్ని బోల్టులు, ఏ బోల్టు ఎక్కడ అని అడిగాను. చివరికి అది ఏమైందని ఒక్కసారీ అడగలేదు. బస్సు వస్తే ఎక్కించాను. పెట్టె నేను అందిస్తే ఆయన పుచ్చుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

మర్నాడు వ్యాపారి ఇంటికెళ్లాను. లారీ అద్దాల బీరువాలో ఉంది. సంగతంతా చెప్పి, ఇచ్చేయండి, ఎంత కావాలంటే అంత నెలనెలా కట్టుకుంటానన్నాను. ఆయన మంచివాడే, కాఫీ ఇచ్చాడు. గుడి పాటలో దక్కిన వస్తువు గడప దాటిస్తే ఇంటికి మంచిది కాదు, ఏమీ అనుకోకు అన్నాడు. మాలాంటివాళ్లం అందరం నమ్మేదే ఆయనా నమ్మాడు, కాఫీ తాగి వచ్చేశాను.

రెండు ఆదివారాలు మొహం చెల్లక ఆగాను. మూడో ఆదివారం టేపు, పుస్తకం పట్టుకుని వాళ్ల ఊరెళ్లాను. మావ మంచం మీద ఉన్నాడు. తలవైపు గోడకి కొత్త చెక్క బల్ల ఒకటి బిగించి ఉంది, దాని మీద మందుల సీసాలు, ఆస్పత్రి కాగితాలు. అది ఇదివరకు లేదు. నేను దానివైపు చూడటం కోడలు చూసింది. "నీ లారీ ఎట్టుకుందారని పండక్కి ముందే సేయించినారు. పొడుగు సరిపోద్దా నేదా అని నాలుగుసార్లు కొలిసినారు" అంది. మావ ఆమెని ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.

పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. కొలతలన్నీ ఉన్నాయి మావా, ఈసారి మూడేళ్లు పట్టదు, ఆర్నెల్లలో చేసి నీ బల్ల మీదే పెడతానన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు.

"వద్దల్లుడా. దాన్ని రెండుసార్లు పంపీసినాను. మూడోసారి నా వల్ల కాదు."

ఆ తర్వాత ఆయన ఇంకో రెండేళ్లు ఉన్నాడు. నేను వెళ్తూనే ఉన్నాను. కొబ్బరి రేటు, వానలు, విశాఖపట్నం ఆస్పత్రి, అన్నీ మాట్లాడుకునేవాళ్లం. లారీ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రోజు గుడిలో ఆయన నాలుగడుగులు ముందుకి వేసినప్పుడు, ఇది మావది అని నేను ఒక్కమాట అంటే పాట ఆగిపోయేది. పాస్టరుగారు కాదనేవారు కాదు, దేవుడూ కాదనేవాడు కాదు. అందరూ నన్నే చూస్తున్నారు కదా అని ఊరుకున్నాను.