మరక కింద దొరికిన బడి

2013 జూన్. సరిహద్దు అవతల, హిందీ మాట్లాడే రాష్ట్రంలో ఉన్న కిరందుల్‌లో ఫోటో స్టూడియో పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లయింది. మాది విజయనగరం వైపు. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ఈ లైన్ మీదికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. గనుల ఊరు కాబట్టి నా దగ్గరికి ఎక్కువగా గేట్‌పాస్ ఫోటోలు, పెళ్ళి ఆల్బమ్‌లు వచ్చేవి. ఖనిజం దుమ్ము ఎర్రగా లెన్సుల మీదా, కంప్యూటర్ ఫ్యాన్‌లోనూ పేరుకునేది.

మొదట్లో అందరిలాగే నేనూ ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కి దొంగ కాపీ వాడాను. దానితోపాటు వచ్చిన వైరస్ ఒక పెళ్ళి ఫోటోలన్నీ తినేసింది. ఆ పెళ్ళివారికి మొహం చూపించలేక పదిరోజులు షాపు తీయలేదు. ఆ తర్వాత గింప్‌కి మారాను. ఫోటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ అది, ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకోవచ్చు. "ఊరికే వచ్చేదానితో పనవుతుందా?" అని పక్క స్టూడియో ఆయన నవ్వాడు. రెండేళ్లలో నా చేయి దాని మీద ఎంతగా తిరిగిందంటే, తర్వాత ఆయనే పాడైన ఫోటోలు నా దగ్గరికి పంపేవాడు.

ఒక మధ్యాహ్నం భోపాల్‌పట్నం దగ్గరి ఊరి నుంచి సమ్మయ్య అనే రైతు, కూతురు సరితను వెంటబెట్టుకుని వచ్చాడు. సరిత కిరందుల్‌లో మేనత్త ఇంట్లో ఉండి పన్నెండో తరగతి పూర్తి చేసింది. నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. వారం రోజుల్లో కౌన్సెలింగ్. అప్పటికి కుల ధ్రువపత్రం చూపించాలి. అది ఇవ్వాలంటే 1950కి ముందే వాళ్ళ కుటుంబం ఇక్కడుందనీ, వాళ్ళు దోర్లా తెగవాళ్ళనీ తెలిపే పాత కాగితం ఏదైనా కావాలన్నారు తహసీల్ ఆఫీసులో.

సమ్మయ్య తండ్రి ముత్తయ్య 1950కి ముందే, చిన్నప్పుడు ఆ ఊరి బడికి వెళ్ళాడు. బడిలో చేరిన పిల్లల రిజిస్టర్‌లో ఆయన పేరుంది. అంతకుముందు ఏడాది టీచర్ ఆ పేజీ చూపిస్తే సరిత సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకుంది. నకలు తర్వాత ఇప్పిస్తానన్నాడాయన. ఆ వానాకాలంలో బడి కప్పు కారి రిజిస్టర్లన్నీ ముద్దయిపోయాయి. ఇక మిగిలింది ఆ ఫోటో ఒక్కటే.

తెర మీద పెద్దది చేసి చూశాను. చీకటి గదిలో తీసిన ఫోటో. పేజీ కుడివైపంతా అప్పటికే ఎప్పుడో నీళ్ళు తగిలి గోధుమరంగు మరక. ముత్తయ్య పేరు తెలుస్తోంది, కులం రాసే గడి మరకలో మునిగిపోయింది.

"ఇది కనబడ్తే చాలు మేడమ్," అంది సరిత ఆ గడి మీద వేలు పెట్టి.

ముందు అసలు ఫోటోను పక్కన భద్రపరచి, దాని కాపీ మీద పని మొదలుపెట్టాను. లెవెల్స్ అనే సాధనంతో నలుపుతెలుపుల తేడా పెంచాను. అక్షరాలతోపాటు మరకా ముదిరింది. ఇంకోలా ప్రయత్నించాను. ప్రతి డిజిటల్ ఫోటోలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి. వాటిని చానెల్స్ అంటాం. డీకంపోజ్ అనే ఆదేశం ఇస్తే ఆ మూడూ విడివిడిగా, నలుపుతెలుపుల్లో కనిపిస్తాయి. గోధుమరంగు మరక ఎరుపు చానెల్‌లో దాదాపు తెల్లగా వస్తుంది. నీలం సిరా మాత్రం నల్లగా నిలబడుతుంది.

ఎరుపు చానెల్ తెరవగానే సరిత కుర్చీలోంచి లేచి నిలబడింది. మరక పోయింది. కానీ కులం గడిలో ఒక నిలువు గీత, దాని పక్కన అలికినట్టున్న జాడ తప్ప ఏమీ లేదు. నీళ్ళకు సిరాయే కొట్టుకుపోయింది.

సమ్మయ్య తెర మీదికి వంగి ఆ గడిని చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "పెండ్లి ఫోటోలల్ల మొటిమలు, మచ్చలు తీసేస్తవట గదా మేడమ్. గీడ ఒక్క మాట పెట్టలేవా? అబద్ధమేం గాదాయె. మేం దోర్లోళ్ళమే గదా."

నిజానికి నాకది పది నిమిషాల పని. క్లోన్ అనే సాధనంతో అదే పేజీలో పై వరసలో ఇంకో దోర్లా పిల్లాడి గడిలోంచి ఆ మాట తెచ్చి అతికిస్తే ఎవరూ పట్టుకోలేరు. చేతిలో మౌస్ ఉంది. సరిత నా మొహంలోకి చూస్తోంది.

"అది నిజమేనన్నా. కానీ ఈ పేజీలో లేదు. లేనిది నేను రాస్తే, ఉన్న మీ నాన్నగారి పేరుని కూడా ఎవరూ నమ్మరు," అన్నాను.

"మరేంది చేసుడు? నా బిడ్డ సీటు పోవాల్నా?"

నేను మళ్ళీ తెర వైపు తిరిగాను. నాకింకా పని అయిపోయిందనిపించలేదు. ముగ్గురం అంతసేపూ ఒక్క గడినే పట్టుకుని కూర్చున్నాం, మిగతా పేజీని పట్టించుకోలేదు. కుడివైపు చివరి గడి దాకా జరిపి, కర్వ్స్ అనే సాధనంతో వెలుగును కొద్దికొద్దిగా మార్చుతూ పోయాను. రిమార్కుల గడిలో హిందీలో సన్నటి రాత తేలింది. సరిత అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. టీసీ ఇచ్చినట్టు, దాని నంబరు, చివర్న 'మద్దేడ్ పాఠశాల'.

"మద్దేడా?" అన్నాడు సమ్మయ్య. "అది మా నాయిన మేనమామ ఊరు. గాడికి పోయి సదివిండా? మాకెవ్వరు చెప్పలే."

ఒక బడి వదిలి ఇంకో బడిలో చేరితే అక్కడి రిజిస్టర్‌లోనూ పేరు, కులం రాస్తారు. మేమిక మద్దేడు రిజిస్టర్ వెతికించాలి. అసలు ఫోటో ఒకటి, ఎరుపు చానెల్‌ది ఒకటి ప్రింట్ తీసి, నేను చేసిన పనంతా వరసగా హిందీలో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

మర్నాడు సమ్మయ్య అవి తీసుకెళ్ళి చూపిస్తే, తహసీల్ ఆఫీసు నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. "మేడమ్, ఇస్‌మే ఆప్‌నే కుఛ్ జోడా తో నహీఁ?" ఇందులో మీరేమీ చేర్చలేదు కదా అని.

"ఒక్క చుక్క కూడా చేర్చలేదు. అన్ని దశలూ నా కంప్యూటర్‌లో ఉన్నాయి, వస్తే మీ ఎదురుగా మళ్ళీ చేసి చూపిస్తాను," అన్నాను హిందీలో. ముందురోజు ఆ ఒక్క మాటా అతికించి ఉంటే నేనేం చెప్పేదాన్నో.

ఫోటో సాక్ష్యం కిందికి రాదని ఆయన స్పష్టంగానే చెప్పాడు. అయితే టీసీ నంబరు ఉంది కాబట్టి మద్దేడు బడికి ఒక చీటీ రాసిచ్చాడు. సమ్మయ్య మోటర్‌సైకిల్ మీద అక్కడికి వెళ్ళాడు. రెండు రోజులు ఇనప పెట్టెలు దించి వెతికితే దొరికింది. ముత్తయ్య, తండ్రి పేరు, ఊరు, కులం, చేరిన తేదీ, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కౌన్సెలింగ్‌కి ఒక్కరోజు ముందు ధ్రువపత్రం చేతికొచ్చింది.

"వచ్చింది మేడమ్! బస్సెక్కుతున్న!" అని అరిచి సరిత ఫోన్ పెట్టేసింది. ఆ అమ్మాయి ఇప్పుడు సుక్మాలో నర్సు.

కొన్ని వారాలకు సమ్మయ్య ఒక్కడే వచ్చాడు. ఆ పేజీ పెద్దది చేసి, అద్దం కట్టి ఇమ్మన్నాడు. దేనికన్నా అంటే, "మా నాయిన నా చిన్నప్పుడే పోయిండు. ఒక్క ఫోటో లేదు. ఏదో ఒక ఏడు బడికి పోయిండన్నరు గంతే. రెండు బళ్ళు తిరిగి సదివిండని గిప్పుడే ఎర్కయింది. గిది గోడకు పెట్టుకుంట," అన్నాడు. మరక ఉన్నది కావాలా, తీసేసింది కావాలా అని అడిగాను. "తీసేసిందే. అండ్ల మా నాయిన మంచిగ కనబడ్తుండు," అన్నాడు.

పాత కాగితం ఏది వచ్చినా అసలు ఫోటోను నేనిప్పటికీ ముట్టుకోను. కాపీ మీద చేసిన ప్రతి పనీ రాసిపెడతాను. ఏం కనబడాలో వచ్చినవాళ్ళు చెబుతుంటే వింటాను, కానీ ముందు పేజీ నాలుగు మూలలూ చూస్తాను.