బంతి లేచేదాకా

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఏ పక్షంలోనూ చేరలేదు. యూనియన్ వాళ్లు చందా పుస్తకం పట్టుకొస్తే టీ తాగించి పంపేసేవాణ్ణి. రిటైరైన రెండో ఏట, ఒక పొద్దున్న పళ్లు తోముకుంటూ ఉండగా బ్రష్షు జారిపోయింది. వంగి తీద్దామనుకుంటే నేనే పడ్డాను. అలా పక్షవాతం నా కుడివైపును పట్టుకుపోయి నన్ను వామపక్షంలో చేర్చేసింది. సభ్యత్వం శాశ్వతమని అప్పటికి ఎవరూ చెప్పలేదు.

మాట పదిహేను రోజుల్లో తిరిగొచ్చింది. నాలుగో నెలకి కర్ర పట్టుకుని, విజయనగరంలో మా వీధి చివరిదాకా వెళ్లి రాగలిగాను. చెయ్యి మాత్రం రాలేదు. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాల మీద ముద్రలు గుద్దిన చెయ్యి, చిరునామా చెరిగిన కవరులా ఒళ్లో పడి ఉండేది.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. నవ్వబోతే ఏడుపొచ్చేది. జోకు నేనే వేసి నేనే భోరుమనేవాణ్ణి. అది జబ్బులో భాగమే, మనసుకు సంబంధం లేదన్నాడు డాక్టరు. కొంత ఉందని నాకు తెలుసు. వాదిస్తే మళ్లీ ఏడుస్తానని ఊరుకున్నాను.

ఎడం చేత్తో తినడం నా వల్ల కాలేదు. అరవై ఏళ్లుగా ఆ చెయ్యి చేస్తున్న పని వేరు కదా. మా ఆవిడ కలిపి నోట్లో పెట్టేది. చుట్టాలొస్తే, ఇప్పుడే తిన్నానని అబద్ధమాడేవాణ్ణి. నలుగురి మధ్య కూర్చుని నా అన్నం నేను తినాలి. నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి మూడుసార్లు ఇంటికొచ్చేది. పిసకమని రబ్బరు బంతి ఇచ్చింది. బంతిలో కూర్చుని భోంచెయ్యడానికే ఈ బంతి పిసుకుతున్నానంటే ఆ పిల్ల నవ్వింది. నేను ఏడ్చాను. బంతి తరవాత పూరీల పిండి, పిండి తరవాత మరమరాలు. పదో నెలకి పెరుగన్నం ముద్ద నోటిదాకా వెళ్లింది. దారిలో సగం లుంగీ తినేసేదనుకోండి.

అప్పుడే మా బావమరిది రామతీర్థం దగ్గర తన ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి పిలవడానికి వచ్చి, "అందరూ బఫే అంటన్నారు బావా. నానొప్పుకోనేదు. నువ్వు నిలబడి తినలేవు కదేటి. నీ కోసం బంతి పెట్టిస్తన్నాను" అన్నాడు.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ, "సెంచా ఒకటి సంచీలో ఏసుకోమంటారా?" అంది.

"అక్కర్లేదు" అన్నాను.

వరసగా బల్లలు, అరటాకులు, ముద్దపప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర. బంతికి ఇరవైమంది. మా ఆవిడ ఎదుటి వరసలో కూర్చుంది. నన్ను చూడనట్టు చూస్తోంది. మూడో ముద్ద దాకా నా అంతవాడు లేడు. అయిదో ముద్ద దగ్గర వేళ్లు ముడుచుకుపోయాయి. అన్నం లోపల ఉంది. పిడికిలి తెరుచుకోదు.

మా వైపు బంతిలో ఒకరు తింటూ ఉండగా ఇంకొకరు లేవరు. లేస్తే ఆ తినేవాణ్ణి అవమానించినట్టు. అందరి భోజనాలూ అయిపోయాయి. అందరూ ఎంగిలి చేతులు ఆకుల మీద ఎండబెట్టుకుంటూ కూర్చున్నారు. రెండో బంతి వాళ్లు మా కుర్చీల వెనక వచ్చి నిలబడ్డారు.

"నెమ్మదిగా కానీ మావా, మాకేటి తొందర" అన్నాడు పక్కనున్నాయన.

వెనకనించి ఒక ముసలావిడ, "ఏటర్రా, బంతింకా లెగనేదేటి? పిల్లలాకలికి సస్తన్నారు" అంది.

"ఊరుకోయే అప్పా, ఆయన తింటన్నాడు" అని ఆవిణ్ణి కసిరారెవరో.

ఇంతలో మా బావమరిది గరిటెతో వచ్చి, "ఇంకాస్త పెరుగేసుకో బావా, మొహమాటపడకు" అని కుమ్మరించాడు. ప్రేమ అంటే అదే. తినలేనివాడి ఆకులోనే ఎక్కువ పడుతుంది.

ఏదో ఒకటి అనాలి కదా. "ఈ బంతికి ఆఖరి టపా నేనే" అన్నాను. అని నవ్వబోయాను.

ఇరవైమందీ తలలు దించుకున్నారు.

అప్పుడు మా ఆవిడ లేచింది. అందరికంటే ముందు, అందరూ చూస్తుండగా. నా దగ్గరికొచ్చి పిడికిట్లో వేళ్లు ఒక్కొక్కటే విప్పి, మెతుకులు దులిపి, నా ఆకు మడిచేసింది. ఆ వెంటనే కుర్చీలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి. అంతమందికి అంత హాయి కలిగించడం నా జన్మలో అదే మొదటిసారి.

తరవాత ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగాను, ఇంకెన్నాళ్లని. నా వేళ్లు సాగదీస్తూనే, "ఉన్నది పోకుండా చూసుకుందాం అంకుల్" అంది. మంచి పిల్ల. అబద్ధం చెప్పడం రాదు.

ఇప్పుడు ఎడం చేత్తో, చెంచాతో తింటున్నాను. తలుపేసుకుని. పెళ్లిళ్లకి అక్షింతల వేళకి వెళ్లి, ఆకులు వెయ్యకముందే వచ్చేస్తాం. నా తిండికి ఇంకా ముప్పావుగంట పడుతుంది. మా ఆవిడది పది నిమిషాల్లో అయిపోతుంది. చెయ్యి ఎండిపోతున్నా ఎదురుగా అలాగే కూర్చుంటుంది.

"లేచి చెయ్యి కడుక్కోవే" అంటాను.

"బంతి లెగనేదు కదేటి" అంటుంది.

నాకు నవ్వొస్తుంది. నవ్వొస్తే ఏమవుతుందో చెప్పాను కదా.