మందపాటి అడుగు

కాళ్ళక్క అన్న పేరు ఆమెకు పనివల్ల వచ్చింది. దుస్తుల దుకాణాలకు బొమ్మలు గీసి ఇచ్చే ఆ పొడవాటి గదిలో ముగ్గురు పనిచేసేవారు. ముఖాలూ చేతులూ ముఖాల మాస్టారివి. మెడ మొదలు అంచు వరకు బట్ట కుచ్చుల వదినది. కాళ్ళూ పాదాలూ చెప్పులూ కాళ్ళక్కవి. బొమ్మ నిలబడేది కాళ్ళ మీద కనుక ముందుగా ఆమే నల్లరంగుతో రెండు కాళ్ళూ పూర్తిగా గీసేది. ఆ పైన వదిన బట్ట తొడిగేది. అంచు ఎక్కడ ఆగాలో తేల్చే అధికారం మాత్రం వదినదే. పొడవు గౌన్లు వాడుకలోకి వచ్చిన ఏడు కాళ్ళక్క గీసిన గీతలన్నీ రంగు కింద పడిపోయేవి.

“ఈ ఏడు నీ రాజ్యం జానెడేనే అమ్మాయ్” అని వదిన ఆటపట్టించేది.

“జానెడైతేనేం వదినా, నీ గౌను నిలబడేది ఆ జానెడు మీదే” అనేది కాళ్ళక్క.

దుస్తుల బొమ్మలో కాలు నిజమైన కాలు కాదు. మోకాలి నుంచి మడమ వరకు దానిని సాగదీయాలి. పాదాన్ని చిన్నది చేయాలి. ఎత్తు మడమల చెప్పు తొడిగిన పాదం ఎదుటి నుంచి చూస్తే కొమ్మ నుంచి వాలిన ఆకులా ఉండాలి. ఇదంతా అబద్ధమే. అయితే ఆ అబద్ధానికీ వ్యాకరణం ఉంది. లోపలి చీలమండ ఎముక బయటి ఎముక కంటే కాస్త ఎత్తున ఉండాలి. గొంతు గుంట నుంచి దారం వేలాడదీస్తే అది బరువు మోసే పాదం మీదికి దిగాలి. దారం తప్పిందా, ఎంత చక్కని బొమ్మయినా పక్కకు ఒరిగిపోతుంది.

కాళ్ళక్క బొమ్మలు ఒరిగేవి కావు. బరువంతా కుడికాలి మీద ఉండేది. కుడి తుంటి కొంచెం పైకి లేచి, ఎడమ మోకాలు కొంచెం వంగి, ఎడమ మడమ నేలను తాకీ తాకనట్టు నిలిచేది. నిలబడి ఉన్న బొమ్మ మరుక్షణం నడవబోతున్నట్టే తోచేది. దుకాణాలవారు ఆ నిలుచునే తీరునే అడిగి మరీ గీయించుకునేవారు. ఎక్కడ నేర్చుకున్నావని యజమాని అడిగితే, చూసి చూసి చేతికి వచ్చిందండీ అని ఊరుకునేది.

అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆమె చూసి చూసి నేర్చినది తన చెల్లెలిని. చిన్ననాటి జ్వరం తరువాత చెల్లెలి ఎడమకాలు కొంచెం కురచై ఆగిపోయింది. వంటగది గడపలో, నీళ్ళ పంపు దగ్గర, అద్దం ముందు ఆమె నిలుచునే తీరే అది. బయటికి వెళ్ళేటప్పుడు ఎడమ చెప్పుకు మందపాటి అడుగు వేయించుకుని తొడుక్కునేది. మందుల దుకాణంలో పనిచేసేది. అక్కడ కౌంటరు వెనుక ఉన్న పాదాల సంగతి ఎవరికీ పట్టదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. అక్క ఏం గీస్తుందో చెల్లెలికి తెలుసు; ఎవరిని చూసి గీస్తుందో తెలియదు. ఆ మాట చెప్పడానికి అక్కకు ఏనాడూ నోరు పెగలలేదు. ఎవరైనా బొమ్మను మెచ్చుకున్న రోజున ఇంటికి వచ్చి చెల్లెలి చేతిలోని పని లాక్కుని తానే చేసేది. ఇవాళ ఎందుకింత ప్రేమ పొంగిందని చెల్లెలు నవ్వేది.

ఒకనాడు పెద్ద దుస్తుల దుకాణంవారు నిలువెత్తు రేకు బోర్డు మీద బొమ్మ కావాలన్నారు. బోర్డు నిలబెట్టే చోటు చెప్పగానే కాళ్ళక్క గీస్తున్న గీత మధ్యలో ఆపేసింది. అది సరిగ్గా మందుల దుకాణానికి ఎదురుగా ఉన్న గోడ. ఇక ప్రతిరోజూ పొద్దస్తమానం చెల్లెలు తన నడుము కింది భాగాన్ని తానే చూస్తూ మందులు అమ్మాలి.

తీరు మార్చి గీద్దామని కాళ్ళక్క కూర్చుంది. బరువును ఎడమకాలి మీదికి మార్చింది, దారం నిలవలేదు. రెండు కాళ్ళ మీదా సమానంగా పంచింది. బొమ్మ కొయ్యలా బిగుసుకుంది. ముఖాల మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు.

“ఏమ్మా, ఈవిడ పొద్దున్నే ఏమైనా పుచ్చుకుని వచ్చిందా? నేనెంత మర్యాదైన ముఖం పెట్టినా ఆ కాళ్ళు బయటపెట్టేస్తాయి.”

కాళ్ళక్క నవ్వలేకపోయింది. చెల్లెలి తీరు తప్ప తనకు మరో తీరు రాదని ఆమెకు ఆ రోజే తెలిసింది. బోర్డు మీద ఆ కాళ్ళనే గీసింది.

ఆ మధ్యాహ్నమే, అక్క మరచిపోయిన అన్నం డబ్బా ఇచ్చి పోదామని చెల్లెలు అక్కడికి వచ్చింది. అంతకు ముందెన్నడూ ఆమె ఆ గదిలో అడుగుపెట్టలేదు. రమ్మని అక్క పిలవనూ లేదు. గోడల నిండా పాత బొమ్మలు. మధ్యలో రేకు మీద ఇంకా తడి ఆరని రెండు కాళ్ళు. చెల్లెలు గుమ్మంలోనే ఆగింది. బరువు కుడికాలి మీద వేసి ఆగింది. వదిన ఆమెను చూసి, గోడను చూసి, కుంచె కింద పెట్టింది.

చెల్లెలు ఒక్కొక్క బొమ్మనే చూస్తూ గోడ పొడవునా నడిచింది. రేకు ముందుకు వచ్చి వంగి, ఎడమ పాదాన్ని పరకాయించి చూసింది.

“ఇన్ని అడుగులు గీశావు కదా అక్కా” అంది మెల్లగా. “నన్నో మాట అడుగుదామని తోచలేదా?”

తెలుగులో ‘అడుగు’ అన్న ఆ రెండు మాటలకూ రూపం ఒకటే. ఒకటి నామవాచకం, రెండవది క్రియ. మొదటిది కాళ్ళక్క జీవితమంతా గీసింది; రెండవది ఒక్కసారీ చేయలేదు.

“నువ్వు బాధపడతావని...” అంది.

“గీసినందుకు కాదు. బాగానే గీశావు, నేనిలా ఉంటానని నాకే తెలీదు.” చెల్లెలు తన ఎడమ చెప్పు విప్పి రేకు పక్కన పెట్టింది. “ఇదేదీ? నా నిలబడ్డం కావాలి గానీ నా చెప్పు పనికిరాలేదా? అన్ని బొమ్మలకీ కాలు బాగుచేసేశావే. నేనలా చెయ్యమన్నానా?”

ఇన్నేళ్ళుగా దొంగిలించానని కుమిలిన కాళ్ళక్కకు, దిద్దడమే తన అసలు తప్పని అప్పుడు అర్థమైంది. చెల్లెలు చెప్పు తొడుక్కుని వెళ్ళిపోయిన తరువాత ఆమె కుంచె తీసి, ఎడమ చెప్పు కింద మందపాటి అడుగు వేసింది. కుట్టు గీతలతో సహా, చిక్కని నలుపుతో వేసింది.

సాయంత్రం యజమాని వచ్చి చూశాడు. కసురుకోలేదు. ఇది ఎవరు కొంటారమ్మా అని నవ్వి, అంచు నేలదాకా దించెయ్యమని వదినకు చెప్పాడు. వదిన కాళ్ళక్క వంక చూసింది. ఒక్క మాట చాలు, తాను వాదిస్తానన్నట్టు ఆగింది. కాళ్ళక్క తన కుంచె కడుక్కుంటూ ఉండిపోయింది. గౌను నేలదాకా దిగింది.

బోర్డు నిలబెట్టిన రోజు అన్నం దగ్గర చెల్లెలు అడిగింది.

“ఆ గౌను కింద ఏముంది?”

“నీ చెప్పే ఉంది. వేశాను. పైన రంగు కొట్టించారు.”

“నువ్వేమన్నావు?”

“ఏమీ అనలేదు.”

చెల్లెలు కంచం తీసి తానే కడుక్కుంది. ఆ తరువాత ఆమె అక్కతో ఎప్పటిలాగే ఉన్నది. బోర్డు ఊసు మాత్రం ఎత్తలేదు. కాళ్ళక్క ఆ వీధి తప్పించి చుట్టుదారిన పనికి పోయేది.

గౌను రంగు చవకది. రెండు వేసవులకే ఎండకు వెలిసి పలచబడింది. ముందుగా మోకాళ్ళు లీలగా తేలాయి. తరువాత చీలమండలు. చివరికి అంచు దగ్గర నల్లగా, కుట్టుతో సహా, మందపాటి అడుగు బయటపడింది. మందులకు వచ్చినవారు అదేమిటని అడిగితే, చెల్లెలు కౌంటరు వెనుక నుంచి ఇవతలికి వచ్చి తన ఎడమ చెప్పు చూపించేదట. ఆ సంగతి ఆమే ఇంట్లో చెప్పింది.

“అది ఎండ చేసిన పనే, నేను చేసింది కాదు” అంది కాళ్ళక్క తలెత్తకుండా.

“అవును. రేపు మళ్ళీ రంగు కొడతారట. ఆ బట్టల దుకాణంవాళ్ళే చెప్పారు.” చెల్లెలు ఆమె ఎదుట కూర్చుంది. “ఈసారైనా వెళ్ళి మీ యజమానిని అడుగక్కా.”

కాళ్ళక్క గడప దాకా వెళ్ళి ఆగింది. ఏమని అడగాలో ఇంకా కూడబలుక్కోలేదు. చెప్పులు తొడుక్కుంది.